బకెట్ స్నానానికి టబ్బు బాంబులు

మొత్తానికి రెండో క్లాసు కూడా పెట్టేశారు. మొదటి క్లాసులో బాత్ బాంబులు, అంటే స్నానాల తొట్టెలో వేస్తే బుస్సుమనే ఉండలు, చెయ్యడం నేర్పారు. చేసినవి అచ్చులోనే పొంగి మూత తోసేశాయి, బీటలిచ్చాయి, ఒళ్లంతా బొడిపెలు లేచాయి. గట్టిపడిన ఒకటీ అరా నీళ్లలో వేస్తే బుస్సుమనకుండా బుద్ధిగా అడుక్కి పోయి కూర్చున్నాయి. అవి అలా ఎందుకు ఏడ్చాయో చెప్పడానికి ఇప్పుడు ఇంకో క్లాసట, దానికి వేరే ఫీజట. పుండూ వాళ్లదే, మందూ వాళ్లదే.

పోస్టరు మీరూ చూసే ఉంటారు. పైన ‘మీ ఫిజ్ ఎందుకు ఫెయిలైంది?’ అని గులాబీ రంగు అక్షరాలు, కింద నురగలో మెడదాకా మునిగి నవ్వుతున్న తెల్లమ్మాయి. ఆ అమ్మాయి పడుకున్న టబ్బు ఖరీదు పెడితే మా వీధిలో నాలుగిళ్లకి బాత్‌రూమ్ తలుపులు కొత్తవి బిగించుకోవచ్చు. కిందివైపు పుచ్చిపోయి, వానాకాలం మూసుకోని తలుపులవి. వాటిని పక్కన పెట్టి, ముందు ఫిజ్జు.

మనకీ యోగం పట్టినందుకు సంతోషించాల్సిందే. ఇంగ్లండులో డోర్సెట్ ప్రాంతంలో మో కాన్‌స్టాంటైన్ అనే ఆవిడ 1989లో దీన్ని కనిపెట్టింది. లష్ అనే సబ్బుల కంపెనీ పెట్టినవాళ్లలో ఆవిడొకరు. కడుపు బాగోలేనప్పుడు నీళ్లలో వేసుకునే ఆల్కా సెల్ట్‌జర్ బిళ్ల బుసబుసలాడటం చూసి, ఇదే పెద్ద ఉండ చేసి స్నానాల తొట్టెలో వేస్తే ఎలా ఉంటుందా అనుకుంది. చలిదేశం, ఇంటింటా తొట్టె, వేణ్నీళ్లలో గంటసేపు నానే అలవాటు. ఆవిడ ఊరికి ఆవిడ ఆలోచన సరిపోయింది. ఆవిడ మీద నాకే కోపమూ లేదు. దాన్ని తెచ్చి బెజవాడ శివార్లలో బందరు రోడ్డు పక్కన డాబా మీద గదిలో ప్లాస్టిక్ కుర్చీలేసి ‘గృహిణులకు ఆదాయ మార్గం’ అని అమ్మేవాళ్ల మీదే ఉంది.

సరుకులేమిటో తెలియనివాళ్లు ఇప్పుడు ఊళ్లో లేరు. వంటసోడా రెండు పాళ్లు, నిమ్మ ఉప్పు ఒక పాలు, కాస్త మొక్కజొన్న పిండి, వాసనకి నూనె, రంగు. కిరాణా కొట్టులో ఈనో పొట్లం చింపి చూసినా కనిపించేవి ఆ సోడా, ఆ నిమ్మ ఉప్పే. పొట్టుబ్బరానికి గ్లాసులో వేసుకునేదాన్ని గులాబీ రంగు పూసి, గుండ్రంగా నొక్కి, రిబ్బను కడితే అది ‘సెల్ఫ్ కేర్’ అయి కూర్చుంది.

ముందు టబ్బు సంగతి తేల్చండి. మా ఇళ్లలో స్నానమంటే బకెట్టు, చెంబు. కొంచెం కలిగినవాళ్లకి షవరు, అదీ కుళాయి నీళ్లలో ఉప్పు పేరుకుని సగం కన్నాలు పూడుకుపోయి గోడ మీదికి చిమ్మే షవరు. బాత్‌రూమ్‌లో మనిషి నిలబడితే మోచెయ్యి గీజరుకి తగులుతుంది. అక్కడ టబ్బు పెట్టాలంటే ముందు మనిషిని బయట పెట్టాలి. ఈ ప్రశ్న మొదటి క్లాసులోనే ఎవరో అడిగారట. ‘బకెట్లో కూడా వేసుకోవచ్చండీ, సగం వేసుకోండి’ అన్నారట నేర్పే మేడమ్.

సగం! ఆ ఉండని సగం చెయ్యండి చూద్దాం. కత్తి పెడితే పావు వంతు బకెట్లో పడుతుంది, పావు వంతు కత్తికి అంటుతుంది, మిగతాది టైల్సు సందుల్లోకి పోయి అక్కడ హాయిగా బుసబుసలాడుతుంది. మా పక్కింటి వదిన సగం చెయ్యలేక మొత్తం వేసింది. నురగ అర నిమిషం ఉందో లేదో. తర్వాత బకెట్లో మిగిలింది ఊదారంగు నీళ్లు, చెంబు అంచున జిడ్డు. ‘అమ్మా, బట్టలకి నీలిమందు పెట్టావా?’ అన్నాడు వాళ్ల పిల్లాడు. అన్నాడని కాదుగానీ, ఆ రంగు తువ్వాలుకి పట్టి ఇప్పటికీ వదల్లేదు.

ఇందులో నవ్వుకునేది కొంతే. తొట్టెలో నీళ్లు వంద, నూటయాభై లీటర్లు పడతాయి. బకెట్టుకి ఇరవై. తొట్టెకి కొలిచి చేసిన ఉండని బకెట్లో వేస్తే అదే సోడా, అదే సువాసన నూనె ఐదు నుంచి ఏడు రెట్లు చిక్కగా ఒంటి మీదికి వస్తాయి. దాల్చినచెక్క నూనె, నిమ్మగడ్డి నూనె లాంటివి చిక్కగా తగిలితే చర్మం మండి దద్దుర్లు లేస్తాయి. పైగా ఆ నూనె నీళ్ల మీద తెట్టులా తేలి, చెంబుతో ముంచగానే ముందు మన భుజం మీదికే వస్తుంది. పసిపిల్లలకి కూడా వాడొచ్చని పోస్టరు మీద రాయడానికి ఎంత గుండె ఉండాలి?

ఇక తేమ. రెండో క్లాసు సారమంతా ఈ ఒక్క ముక్కేనట. ‘మీ దగ్గర గాలిలో తేమ ఎక్కువుందండీ, అందుకే ఫెయిలవుతున్నాయి.’ అబ్బో, ఎంత పరిశోధన! కృష్ణకి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది 1855లో. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది 1957లో. అప్పటినుంచి ఇప్పటిదాకా బందరు కాలువ, రైవస్ కాలువ, వాటి పిల్లకాలువలు, బోదెలు తూర్పు డెల్టా అంతా నీళ్లు పంచుతూనే ఉన్నాయి. ఊడ్పులయ్యాక కార్తీకం దాకా చేలల్లో నీళ్లు నిలబడే ఉంటాయి. ఆ పైన బందరు వైపు నుంచి సముద్రపు గాలి. ఉప్పు డబ్బా అడుగున నీరు ఊరుతుంది, బెల్లం కారుతుంది, అగ్గిపుల్ల గీస్తే తల రాలిపోతుంది, అప్పడం పొయ్యి మీంచి కంచంలోకి వచ్చేలోపే మెత్తబడుతుంది. ఈ ఊరి గాలి తడిగాలి అని చెప్పడానికి ఫీజు పుచ్చుకునే మనిషిని ఇన్నాళ్లకి చూశాం.

ఆ సంగతి మొదటి క్లాసు శ్రావణంలో పెట్టేటప్పుడు తెలియలేదా? తెలుసు. నిమ్మ ఉప్పు, సోడా పొడిగా ఉన్నంతసేపూ పక్కపక్కన పడుకుని పలకరించుకోవు. కాస్త నీరు తగిలితే చాలు, కలబడతాయి. బొగ్గుపులుసు వాయువు బయటికి తన్నుతుంది, అదే బుడగ. అసలు తిరకాసు అక్కడ లేదు. ఆ కలబాటులో మళ్లీ నీరు కూడా పుడుతుంది. అలా పుట్టిన నీరు పక్కనున్న పొడిని తడుపుతుంది, అదీ రగులుతుంది, అందులోంచి ఇంకొంచెం నీరు. అంటే ఒకసారి తేమ సోకిందా, ఉండ తన నీటితో తనే పొంగుతూ పోతుంది. మీరు మూత ఎంత బిగించినా, తాడు కట్టినా, పైన రోలు పెట్టినా ఆగదు. అచ్చులో రాత్రి పెట్టిన ఉండ తెల్లారేసరికి కాలీఫ్లవర్ అయిందంటే కారణం ఇది. భాద్రపదంలో ఇక్కడ ఏ మూల పెట్టినా ఇదే అవుతుంది. కీసరలో గానీ కంకిపాడులో గానీ కిటికీ తీసి ఉన్న ఏ ఇంట్లోనూ ఈ వానాకాలం ఇది సరిగ్గా కుదరదు అని ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే సరిపోయేది. చెబితే క్లాసు నిండదు.

అందుకని చిట్కాలు చెబుతారు. మొదటి చిట్కా, ఏసీ గదిలో రెండు రోజులు ఆరబెట్టండి. ఇంట్లో ముసలాయనకి ఉక్కపోసినా కరెంటు బిల్లుకి భయపడి రాత్రి రెండింటికి ఏసీ కట్టేసే ఇళ్లవి. అక్కడ మనుషులు వరండాలో, బాంబులు ఏసీలో పడుకోవాలన్నమాట. అలా ఆరబెట్టిన ఉండని బయటికి తెస్తే ఏమవుతుందో కూడా చెప్పండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టే చల్లటి ఉండకి చెమట పడుతుంది. ఆ చెమటే చాలు, రెండు రోజుల కరెంటూ బుస్సుమంటుంది.

రెండో చిట్కా, బియ్యం డబ్బాలో దాచండి, బియ్యం తేమ పీల్చుకుంటుంది. మర ఆడించిన బియ్యంలోనే 14 శాతం దాకా తేమ ఉండొచ్చని సర్కారు కొనుగోలు లెక్క. తన కడుపులోనే నీళ్లున్న బియ్యం ఇంకొకరి నీళ్లు ఎంతని తాగుతుంది? ఫలితం మాత్రం మా వీధంతా తెలిసింది. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, వాటి కింద లావెండర్ వాసనేసే అన్నం. వదిన వాళ్ల మావగారు రెండు ముద్దలు తిని, ‘ఈ బియ్యం ఎక్కడివమ్మా, సబ్బుల కొట్లోవా?’ అని మెల్లిగా చెయ్యి కడుక్కున్నారట.

మూడోది ఇంకా బాగుంది. పిండి తడపడానికి నీళ్లు వాడకండి, విచ్ హేజెల్ వాడండి. అది అమెరికా అడవుల్లో పెరిగే పొద. కంకిపాడు మందుల షాపులో అడిగితే ఆ కుర్రాడు రెండుసార్లు స్పెల్లింగు చెప్పించుకుని, చివరికి దగ్గు మందు చూపించాడట. ‘దొరక్కపోతే రోజ్ వాటర్ వాడొచ్చండీ’ అన్నారు మేడమ్. రోజ్ వాటర్ అంటే నీళ్లే కదమ్మా! గులాబీ పక్కన కూర్చుని వచ్చినంత మాత్రాన నీళ్లు నీళ్లు కాకుండా పోతాయా?

ఇంకా ఉంది. ఉండ గట్టిపడటానికి ఎప్సమ్ సాల్ట్ కలపమన్నారు. ఆ ఉప్పు పలుకులో సగం బరువు నీరే. చెమ్మతో చచ్చే సరుకులో సగం నీరున్న ఉప్పు పోయించి, తర్వాత చెమ్మ ఎక్కువైందని మిమ్మల్నే తిట్టడం ఎక్కడి న్యాయం? మెరుపుకి గ్లిజరిన్ వెయ్యమన్నారు, అది గాలిలో తేమని పిలిచి పీట వేసి కూర్చోబెడుతుంది. చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా పొట్లాలు పోగుచేసుకోమన్నారు. సరే, చేసుకున్నాం.

తాంబూలం సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ మధ్య ఓణీల ఫంక్షన్లకి, గృహప్రవేశాలకి రిటర్న్ గిఫ్టుగా ఇవే ఇస్తున్నారు. జాకెట్టు ముక్క, పసుపు, కుంకుమ, రెండు అరటిపళ్లు, నీళ్లు చిలకరించిన తమలపాకులు, వాటి మధ్య ఒక బాత్ బాంబు, మొత్తం ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టేస్తారు. తడి తమలపాకు పక్కన నిమ్మ ఉప్పు పెట్టమని ఏ క్లాసులో చెప్పారో! ఆటోలో ఉయ్యూరు చేరేసరికి కవరు బెలూనులా ఉబ్బుతుంది. వంద గ్రాముల నిమ్మ ఉప్పు పూర్తిగా కలబడితే 35 లీటర్లకి పైగా వాయువు వస్తుంది. మీ చేతిలో ఉన్న కవరు పట్టేది ఎంత? విప్పి చూస్తే కుంకుమ నురగ, పసుపు నురగ, జాకెట్టు ముక్కకి మాయని మచ్చలు. శుభమా అని ఇచ్చిన తాంబూలం ఇంటికొచ్చి బుసకొడుతుంటే ఇంట్లో పెద్దావిడకి ఏమని చెప్పాలి? గాలిలో తేమ అని చెప్పాలి కాబోలు.

వాళ్లు చెప్పే ‘కెమికల్ ఫ్రీ’ అనే మాటకి ఒక వాక్యం చాలు. సోడియం బైకార్బొనేటు, సిట్రిక్ యాసిడ్ కెమికల్సు కాకపోతే ఇంటర్‌లో కెమిస్ట్రీ లెక్చరర్లు మాకు చెప్పింది భాగవతమా? ‘ఒంట్లో విషాలు లాగేస్తుంది’ అనేదానికి ఆ వాక్యం కూడా దండగ. ‘చర్మం పీహెచ్‌ని సరిచేస్తుంది’ అంటారు చూశారూ, దానికి మాత్రం లెక్క చెబుతాను. వంద గ్రాముల నిమ్మ ఉప్పుకి సరిపోయే సోడా సుమారు 130 గ్రాములు. వీళ్ల రెండుకి ఒకటి లెక్కన 200 పోస్తారు. బుడగలన్నీ అయిపోయాక కూడా డెబ్బై గ్రాముల సోడా నీళ్లలో మిగిలే ఉంటుంది. చర్మానిది కాస్త పులుపు గుణం, సోడాది క్షారం. సరిచెయ్యడమంటే అదేనా?

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. వదిన ఫోన్‌లో మేడమ్ పెట్టిన వాయిస్ మెసేజి విన్నాక నవ్వాలనిపించలేదు. ‘మేడమ్, మీ చెయ్యి తడి. మీరు స్ప్రే ఎక్కువ కొట్టారు. మిగతావాళ్లకి బాగానే వస్తున్నాయి, మీకే రావట్లేదు. ప్రాక్టీసు చెయ్యండి.’ ప్రతి ఒక్కరికీ ఇదే మెసేజి పోయింది. ఆ గుంపులో ఉన్నవాళ్లు ఒకరికొకరు చూపించుకున్నాక తెలిసింది, మిగతావాళ్లకి కూడా ఎవరికీ రాలేదని. అప్పటిదాకా ఎవరికి వారు మా చేతిలోనే ఏదో ఉందనుకుని సిగ్గుపడి నోరు మూసుకున్నారు. సిగ్గు మీద నడిచే వ్యాపారం ఇది.

వదిన సంక్రాంతికి అరిసెల పిండి పడితే వీధి వీధంతా వచ్చి పాకం చూపించుకుపోతుంది. తడి బియ్యప్పిండి గుప్పిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి, ఆ తడి ఆవిడకి చూపుతోనే తెలుస్తుంది. ఆ మనిషికా తడి తెలియదన్నది? వాళ్లాయన గల్ఫ్‌లో పని పోగొట్టుకుని వచ్చి ఖాళీగా ఉన్నాడు. డ్వాక్రా సంఘం అప్పు కిస్తీకి పక్కన పెట్టిన డబ్బు ఈ ఫీజుకి కట్టింది. సరుకులు కూడా వాళ్ల దగ్గరే కొనాలి, బయట కొంటే ‘క్వాలిటీ గ్యారంటీ లేదు’ అంటారు. కిలో నిమ్మ ఉప్పు బెజవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలో ఎంతకి దొరుకుతుందో ఆ అమ్మేవాళ్లకి తెలియదా? చేసినవి పాడైతే మళ్లీ సరుకు కొనాలి. అంటే ఎంత మంది చేతులు ‘తడి’గా ఉంటే వాళ్లకి అంత గిరాకీ. ఈ క్లాసులో బాంబు పాడవడం పొరపాటు కాదు, ఆదాయ మార్గం. గృహిణులకి కాదు, వాళ్లకి.

ఇంకో మాట. ‘తేమ ఎక్కువుంది’ అనే ముక్క ఈ ఇళ్లలో మగవాళ్లకి ఎప్పట్నుంచో పరిచయం. ధాన్యం కొనుగోలు కేంద్రంలో మీటరు పెట్టి చూస్తారు. 17 శాతం దాటితే కొనరు. దాటిందా, ఆరబెట్టుకు రమ్మంటారు, లేదా మిల్లు దగ్గర బస్తాకి ఇంత అని తరుగు తీస్తారు. ఎక్కడ ఆరబెట్టాలి? రోడ్డు మీద. బందరు హైవే మీద ఒక వరస పొడవునా ధాన్యం పోసి, రాళ్లు పెట్టి, లారీ వచ్చినప్పుడల్లా గుండె పట్టుకుని, సాయంత్రం మబ్బు పడితే పరదాల కోసం పరుగెత్తి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ జిల్లాలో కోసిన పనలు నీళ్లలో తేలాయి, రాసులు మొలకెత్తాయి. ఆ తేమ ఎవరి చేతిదండీ? ఆ ఏడు సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకి 2,183 రూపాయలని కాగితం మీద ఉంది. ఆ ధర పూర్తిగా చేతికి రావాలంటే ముందు ఆకాశం ఒప్పుకోవాలి.

ఆ తేమకి మొగుడు తరుగు ఇచ్చుకున్నాడు. ఇప్పుడు అదే తేమకి పెళ్లాం ఫీజు కడుతోంది. గాలి తడిగా ఉన్నందుకు ఒకే ఇంట్లో ఇద్దరి దగ్గరా వసూలు చేసుకునే తెలివి ఉన్నవాళ్లు నిజంగా వ్యాపారం నేర్పగలరు, కాదనను. ధాన్యం కేంద్రంలో కనీసం మీటరు చూపిస్తారు. ఇక్కడ అదీ లేదు. గదిలో తేమ ఎంతుందో చూపించే చిన్న మీటరు ఏ ఎలక్ట్రానిక్స్ కొట్లో అయినా దొరుకుతుంది. అది క్లాసులో గోడకి తగిలిస్తే ఎవరి చెయ్యి తడో అందరికీ కనిపిస్తుంది. అందుకే తగిలించరు.

అమ్ముకోవచ్చని ఆశపెట్టారు కదా, దాని గురించి కూడా ఒకటి చెప్పరు. ఒంటికి రాసుకునేవి, స్నానానికి వాడేవి అమ్మకానికి తయారుచెయ్యాలంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద వచ్చిన 2020 కాస్మెటిక్స్ రూల్స్ వర్తిస్తాయి. రాష్ట్ర అధికారుల దగ్గర లైసెన్సు ఉండాలి. లేబులు మీద ఏమేం కలిపారో, ఎవరు చేశారో, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు ఉండాలి. వంటింట్లో రిబ్బను కట్టి ఇన్‌స్టాలో పెట్టేస్తే సరిపోదు. రేపు ఎవరి పిల్లకో ఒళ్లు దద్దుర్లు లేస్తే వాళ్లు వచ్చి నిలదీసేది వదిననే. మేడమ్ అప్పటికి గుడివాడలో ఇంకో క్లాసులో ఉంటుంది. ఈ సంగతి ఫీజు కట్టించుకోకముందు చెప్పాలా, రెండో క్లాసులోనా, మూడో క్లాసుకి దాచారా?

నీళ్ల మాట ఎత్తితే ఇంకా మండుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, బ్యారేజీ మీదుగా పదకొండు లక్షల క్యూసెక్కులకి పైగా నీరు పోతుంటే, మేడల మీద జనం తాగే నీళ్ల సీసా కోసం చేతులు చాపారు. ఆ ఊరి శివార్లలో నూటయాభై లీటర్ల తొట్టె స్నానం ఆదర్శమని పోస్టరు అంటించడానికి ఒక ఏడాదో రెండేళ్లో ఆగొచ్చు కదా.

దసరాకి స్టాలు, దీపావళికి గిఫ్ట్ ప్యాక్ అంటున్నారు. మొన్న చేసినవి మిగిలిపోయినవాళ్లకి నాకు తెలిసింది చెబుతాను. పొంగిపోయిన ఉండని పొడిచేసి మళ్లీ అచ్చులో పొయ్యకండి, అందులో నిమ్మ ఉప్పు చాలావరకు అయిపోయి ఉంటుంది, ఎంత తిప్పలు పడినా బుస రాదు. ఇంకా పొట్లం విప్పని నిమ్మ ఉప్పుంటే గోరువెచ్చని నీళ్లలో కలిపి కుళాయి మూతికి, షవరు కన్నాలకి పట్టించండి, ఆ తెల్ల పొర ఊడొస్తుంది. సోడా, మొక్కజొన్న పిండి పొట్లం విప్పనివైతే వంటింట్లోకి పోతాయి. చిటికెడు ఎప్సమ్ సాల్ట్ నీళ్లలో కరిగించి మిరప మొక్కకి పోస్తే దానికి కావలసిన మెగ్నీషియం దొరుకుతుంది.

తర్వాత అందరూ కలిసి వెళ్లండి. ఒక్కొక్కరుగా వెళితే మళ్లీ ‘మీ చెయ్యే తడి’ అంటారు. మొదటి ఫీజు వాపసు అడగండి, సరుకుల డబ్బు కూడా. రసీదు లేదంటారు, వాళ్లు ఇవ్వలేదు కాబట్టి మీ దగ్గర ఉండదు కూడా. ఫోన్‌పేలో ఉంటుంది, తీసి చూపించండి.